గోడ వైపు వేలు

గేమ్‌ల కంపెనీలో కొత్త ఆటలు ఆడి తప్పులు పట్టడం అతని ఉద్యోగం. కుడి బొటనవేలు నిద్రలో కూడా దుప్పటి మీద మీటలు నొక్కుతూనే ఉంటుంది. బ్యాంకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ ఒకటి రమ్మంటోంది. జవాబు ఇవాళే చెప్పాలి. ఆటలంటే ప్రాణమంటూ అతను నాన్చుతున్నాడు. ఇంటికి గేమ్ కన్సోల్ కొందామని వచ్చిన దుకాణంలోనూ రెండిట్లో ఏది కొనాలో తేల్చుకోలేకపోతే, భార్య అతని చేతిలో కంట్రోలర్ పెట్టింది.

"ఊరికే సరదాగా ఆడి చూడండి."

తెర మీద వీరుడి ముందు కోట తలుపు బార్లా తెరిచి ఉంది. బొటనవేలు, ఆఫీసులో తప్పులు వెతికేటప్పటిలాగే, వాణ్ణి పక్క గోడకేసి నడిపించింది. సందు దొరికి అవతలికి జారిపోతాడేమోనని మూలమూలా గుద్దించింది. రెండో కన్సోల్ మీదా అదే తంతు.

"తలుపు అక్కడుంది కదండీ!" నవ్వింది భార్య.

"తెలుసే. వేలే మాట వినట్లేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆటలంటే ప్రాణమన్న మాట అతను మళ్ళీ ఎత్తలేదు.