స్పీతికని బయలుదేరి నారాయణగూడలో ఆగిపోయాం

హిమాలయాల్లోని స్పీతి లోయ గురించి రాస్తానని ఈ బ్లాగులో చాన్నాళ్ళుగా ఊరిస్తున్నాను. తీరా ఈసారి చేసిన ప్రయాణం మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు. అశోక్‌నగర్‌లో మా ఇంటి నుంచి చిక్కడపల్లి, అక్కడి నుంచి నారాయణగూడ. కొండ దారుల్లో తిరిగే పెద్ద బండి కొందామని పోయాం. ఎందుకంత తొందరంటే, నా కళ్ళు పోతున్నాయి. కంటి లోపలి పొర అంచుల నుంచి పాడవుతూ వస్తోందని, చూపు పక్కల నుంచి మూసుకుపోతుందని నిరుడు డాక్టరు చెప్పాడు. చీకట్లో బండి తీయొద్దన్నాడు. పగలైనా ఎన్నాళ్ళు నడపొచ్చో తెలియాలంటే పక్కల చూపు కొలిచే పరీక్ష చేయించుకుని రమ్మన్నాడు. ఎదురుగా ఉన్నది నాకు శుభ్రంగా కనిపిస్తుంది, నేను పాఠం చెప్పే క్లాసులో ఆఖరి బెంచీలో ఎవడు నిద్రపోతున్నాడో కూడా. అందుకని ఆ పరీక్షను ఇవాళా రేపూ అంటూ నెట్టుకొచ్చాను. మంచు కొండలను ఒక్కసారి, నేను నడిపే బండి మీద పోయి చూడాలి. అంతే నా కోరిక.

నా భార్య సునీతకు అంతా తెలుసు. ఇప్పుడే పోదామన్న మాట ఆమెదే. "చూడాల్నంటే ఇప్పుడే చూడాలె. తర్వాత నేను చెప్తుంటె ఇంట్ల కూసోని వింటవా?" అంది. చిట్టీ ఎత్తి డబ్బు సర్దిందీ ఆమెనే.

ఆదివారం పొద్దున్నే తోపుడు బండి దగ్గర ఇడ్లీ తిని, నడుచుకుంటూ చిక్కడపల్లి మార్కెట్ వెనక భారతక్క ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. భారతక్క దగ్గర సునీత లక్షన్నర చిట్టీ వేస్తోంది. చివరిదాకా ఆగితే దాదాపు మొత్తం వస్తుంది. ముందే కావాలంటే పాట పాడాలి, ఎవరు ఎక్కువ వదులుకుంటే వాళ్ళకే ఆ నెల డబ్బు. మేము నలభై వేలు వదులుకున్నాం. చేతికి వచ్చింది లక్షా పది వేలు. నెలనెలా కట్టాల్సింది మాత్రం చిట్టీ అయిపోయేదాకా తప్పదు.

"నలభై వేలు ఊకె పోగొట్టుకుంటివి కదనే. అప్పు జేసి పప్పుకూడంటె గిదే. జర ఆగరాదు?" అంది భారతక్క, నా వైపు కూడా ఓ చూపు విసిరి.

"ఆగేటట్టు లేదక్కా" అంది సునీత. ఎందుకో చెప్పలేదు. భారతక్క కూడా గుచ్చి అడగలేదు, చాయ్ పోసింది.

నారాయణగూడకు ఆటో ఎనభై అడిగాడు, అరవైకి ఒప్పుకున్నాడు. దారి పొడుగునా వేలు హారన్ మీద నుంచి తీయలేదు. "ఏందన్నా, ఎదురుగ ఎవ్వరు లేకున్నా కొడ్తున్నవ్?" అన్నాను. "బ్రేకు లేకున్నా నడుస్తది సార్ ఈ ఊర్ల. హారన్ లేకుంటె నడువది" అని నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ రోజు మేము నవ్వింది ఆ ఒక్కసారే.

షోరూం ఫ్లైఓవర్‌కు దగ్గరే. నవీన్ అనే కుర్రాడు మమ్మల్ని కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. బండి ధర మూడు లక్షల ఇరవై వేలు. పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కలిసేసరికి మూడు లక్షల తొంభై. బండి పడితే ఇంజనుకు దెబ్బ తగలకుండా కడ్డీలు, సామాను పెట్టెలు తగిలించే చట్రం కలిపితే నాలుగు లక్షల పది వేలు. మేము లక్షా పది వేలు కడితే మిగిలిన మూడు లక్షలు ఫైనాన్స్. "ఎనిమిది పర్సెంటే సార్, నాలుగేండ్లు, నెలకు ఎనిమిది వేల రెండొందల యాభై" అన్నాడు ఉత్సాహంగా.

నేను సర్కారు నౌకరీల పరీక్షలకు చదివే పిల్లలకు లెక్కలు చెప్తాను. వడ్డీ లెక్కలతోనే నా ఇల్లు గడుస్తుంది. మీరు బండి కొనబోతుంటే ఇది గుర్తు పెట్టుకోండి: అది ఫ్లాట్ వడ్డీ. నెలనెలా అసలు తీరుతూ ఉన్నా వాళ్ళు నాలుగేళ్ళూ మూడు లక్షల మీదే వడ్డీ వేస్తారు. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది పద్నాలుగు దాటుతుంది. అదే చెప్పాను. "ఇట్ల అడిగినోళ్ళు మీరే ఫస్ట్ సార్" అని నవీన్ తల గోక్కున్నాడు. లోపలికి పోయి మేనేజర్‌తో మాట్లాడి వచ్చి హాండ్లింగ్ చార్జీలని రాసుకున్న నాలుగు వేలు కొట్టేశాడు. ఐదు వేలు కట్టి బుక్ చేశాం. నాకు లోపల పెద్ద గర్వం.

సునీత మాత్రం ఒక్కటే మాట అంది. "నాలుగేండ్లా?"

ఆఖరి కంతు కట్టేనాటికి ఈ బండిని ఎవరు నడుపుతారో ఇద్దరికీ తెలుసు. ఎవరూ నడపరు. అయినా ఫైలుకు ఆధార్, పాన్, జీతం వివరాలు అన్నీ ఇచ్చేశాం. "టెస్ట్ రైడ్ చేస్తారా సార్? మేడం కూడా కూసుంటె బరువు తెలుస్తది" అన్నాడు నవీన్.

రోజూ నేను స్కూటర్ మీద టోపీ లాంటి హెల్మెట్ పెట్టుకుంటాను. చెవులు బయటికే ఉంటాయి. షోరూం వాళ్ళు ఇచ్చింది ముఖమంతా కప్పేది, లోపల మెత్తటి దళసరి దిండ్లు. పెట్టుకోగానే ఊరు ఊరంతా నోరు మూసుకున్నట్టయింది. బండి ఎత్తు, కాళ్ళు మునివేళ్ళ మీద ఆనాయి. క్లచ్ వదలగానే ఆ బరువంతా గాలిలా తేలిపోయింది. ఫ్లైఓవర్ కింది నుంచి చిక్కడపల్లి వైపు తిప్పాను. అబ్బ, ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఈ బండి మీద ఎక్కడికైనా పోతానని గట్టిగా నమ్మాను.

ముందు బస్సు ఆగింది. కుడి పక్కన ఖాళీ లేదు. అందరూ చేసేదే, ఎడమకు తిప్పాను. సునీత నా భుజం మీద గట్టిగా కొట్టింది. ఏదో అరిచింది కూడా, నాకు వినపడలేదు. ఆ వెంటనే హ్యాండిల్‌కు ఏదో తగిలి బండి ఊగింది. ఎట్లాగో ఆపి చూస్తే ఎడమ పక్కన ఒక స్కూటీ పడి ఉంది, దాని ముందు ఒకమ్మాయి కుడి చెయ్యి పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉంది.

జనం మూగారు. "కండ్లు కనవడ్తలేవా?" అని ఎవరో కసిరారు. నేను హెల్మెట్ తీశాను. ఆ అమ్మాయి నన్ను చూసి, "మీరు అశోక్‌నగర్‌ల వడ్డీ లెక్కలు చెప్పే సార్ గదా" అంది. "అంత హారన్ కొట్టిన గద సార్. ఇనవడలేదా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఎన్నాళ్ళ నుంచో నేను ఈ ఊళ్ళో చెవులతో బండి నడుపుతున్నాను. ఎడమ పక్క ఎవరొచ్చినా హారన్ కొట్టే వస్తారు, నేను తప్పుకుంటాను. కనపడి తప్పుకున్నాననుకునేవాణ్ణి. చెవులు మూసేసరికి ఎడమ పక్క లోకమే లేదు.

ఆ అమ్మాయి పేరు మమత. హాస్టల్లో ఉండి మూడేళ్ళుగా సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతోంది. స్కూటీ రూమ్మేట్‌ది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మణికట్టు విరిగింది, ప్లేటు వేయాలన్నారు. మొత్తం తొంభై వేల దాకా అవుతుందన్నారు. సునీత బ్యాగులోంచి చిట్టీ డబ్బు తీసింది. మమత డాక్టరును అడిగింది ఒకటే. "వచ్చే ఆదివారం నాకు ఎగ్జామ్ ఉంది సార్. ఎడమ చేత్తోని ఆన్సర్ షీట్ల బబుల్స్ నింపొచ్చా?"

సిగ్గుతో నేను అక్కడ నిలబడలేకపోయాను. బయటి బల్ల మీద కూర్చుంటే సునీత వచ్చి పక్కన కూర్చుంది.

"ఎప్పటి సంది కనపడ్తలేదు నీకు?"

"నాకే తెల్వదు సునీతా."

"పరీక్ష చేయించుకుంటివా మరి?"

ఆమె ఏడ్చింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం షోరూంకు పోయి బండి వద్దన్నాను. గీతలకు, విరిగిన అద్దానికి ఆరు వేల ఐదు వందలు కట్టాను. బుకింగ్ సొమ్ములో సగం కోశారు. "లోన్ పాస్ అయితది సార్, ఎందుకు కాన్సిల్?" అన్నాడు నవీన్, పాపం, ఇంకా మనసు మార్చుకుంటానేమోనని. నడుచుకుంటూ ఇంటికొచ్చాం. సునీత నా ఎడమ పక్కన నడిచింది.

మమత ఎడమ చేత్తోనే పరీక్ష రాసింది. సగం పేపరు దగ్గరే టైం అయిపోయిందట. మళ్ళీ ఆ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. ఫీజు వద్దు, మా క్లాసుకు రమ్మన్నాను. రానంది. తప్పు పట్టను. బండి లేదు, డబ్బు లేదు, చిట్టీ మాత్రం కడుతున్నాం. కొండల గురించి ఇంట్లో ఎవరం మాట్లాడం. ఒక్కోసారి అనుకుంటాను, నారాయణగూడలో కాబట్టి నా ఎడమ పక్కన ఒకమ్మాయి స్కూటీ ఉంది. స్పీతిలో అయితే లోయ ఉండేది. లోయ హారన్ కొట్టదు. వెనక సునీత కూర్చుని ఉండేది.

పెద్ద బండి కొనబోయేవాళ్ళకు ఒక్క సలహా. ధర, వడ్డీ, కంతులు తర్వాత చూసుకోవచ్చు, ముందు కంటి డాక్టరు దగ్గర పక్కల చూపు పరీక్ష చేయించుకోండి. నేను మొన్న చేయించుకున్నాను. అరగంట కూడా పట్టలేదు. ఎనిమిది వందలు తీసుకున్నారు.