సువార్తమ్మ టీచరు గారి డాబా తోట

మొన్న సాయంత్రం మార్కెట్లో ఒకావిడ పుదీనా కట్ట నీళ్ళు దులిపి నా సంచిలో వేసింది. ఆ వాసనకు నా అడుగు ముందుకు పడలేదు. సువార్తమ్మ టీచరు గారు పక్కనే నిలబడి, ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టినట్టనిపించింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పొట్టిగా, పలచగా, భుజాన ఎప్పుడూ ఒక ముతక తువ్వాలుతో ఉండే రిటైరైన లెక్కల టీచరు ఆవిడ.

పెళ్ళయిన మూడో నెలలోనే మా ఆయన మస్కట్ వెళ్ళిపోయాడు. నేను అమలాపురంలో ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకుని, బట్టల షాపులో పనిచేస్తూ ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఎదురు వాటా టీచరు గారిది. కొన్ని ఆదివారాలు నా గొంతు నేను వినకుండానే గడిచిపోయేవి. అలాంటి ఒక ఆదివారం బట్టలు ఆరేద్దామని డాబా ఎక్కితే, రొయ్యలు ఎగుమతి చేసే థర్మోకోల్ పెట్టెల్లో తోటకూర, పెయింటు బకెట్లలో వంగ, టమాటా, పగిలిన టబ్బులో పుదీనా కనిపించాయి.

"కోనసీమలో ఉండి బకెట్లలో మొక్కలేమిటండీ?" అని నవ్వాను.

"ఉప్పలగుప్తం దగ్గర మాకు పెద్ద దొడ్డే ఉండేదమ్మా. చుట్టూ రొయ్యల చెరువులొచ్చేక బావినీళ్ళు ఉప్పగా అయిపోయేయి. పాదులన్నీ మాడిపోయేయి. ఇదైతే నేను కలుపుకున్న మట్టి. దీని జోలికి ఎవరూ రారు" అన్నారు.

నాకూ ఒక బకెట్లో రెండు టమాటా నారు మొక్కలు పెట్టి ఇచ్చారు. ఇంట్లో ఎదురుచూసే ప్రాణులు అవే కాబట్టి, పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పోశాను. పదో రోజుకు ఆకులు పసుపు పచ్చబడి వాలిపోయాయి. టీచరు గారు మట్టిలోకి వేలు దించి, నా మొహంలోకి చూశారు.

"దాహం దానికా, నీకా అమ్మా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ ఓదార్చలేదు. మేకు కాల్చి బకెట్ అడుగున కన్నాలు పెట్టారు. "రోజూ వేలు దించి చూడు. తడి తగిలితే ఆ పూట నీళ్ళొద్దు. వచ్చి నాతో కాసేపు మాట్లాడు" అన్నారు. ఆ మొక్కల్లో ఒకటి బతికింది. ఆ తర్వాత నా సాయంత్రాలన్నీ డాబా మీదే. వంగ ఆకుల కింద పురుగులు ఏరుతూ ఆవిడ బడి కబుర్లు చెప్పేవారు. కాయలు కోసిన రోజు మా వంటింట్లోకొచ్చి కూర తనే పోపు పెట్టేవారు.

రెండో ఏడు వానలకు మెట్ల దగ్గర స్లాబు చెమ్మగిల్లింది. కింద ఉండే ఇంటి ఓనరు గారు డాబా ఎక్కి వచ్చారు.

"ఈ బకెట్ల వల్లే ఇల్లంతా నానిపోతోందండీ. ఏమ్మా, మీ గదిలో కూడా కారుతోంది కదా?" అని నన్నడిగారు.

మా గదిలో చుక్క కూడా కారలేదు. కానీ ఒంటరిగా ఉండే ఆడదానికి ఇల్లు దొరకడానికి నేను పడిన పాట్లు గుర్తొచ్చాయి.

"ఆయ్, కారుతోందండీ" అన్నాను.

టీచరు గారు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. వచ్చిన లెక్కే తప్పు చేసిన పిల్లను చూసినట్టు చూసి, ముందుకు వంగి ఒక బకెట్ ఎత్తారు.

వారం రోజుల్లో మొక్కలన్నీ వీధిలో వాళ్ళకు పంచేశారు. నేనూ మోశాను. చివరి పెట్టె దింపాక, "టీచరు గారండీ, ఆ రోజు నేను..." అని ఆగిపోయాను.

"మీ ఇంట్లోకి రోజూ వస్తూనే ఉన్నాను కదమ్మా, పైకప్పు చూడనా? భయపడ్డావు. అంతేగా" అన్నారు.

ఆ తర్వాతి నెలలో కొత్తపేటలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. రమ్మన్నారు. రెండు మూడుసార్లు బస్టాండు దాకా వెళ్ళి, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని వెనక్కి వచ్చాను. చివరికి ఆవిడ పోయిన కబురు మా వీధి చర్చివాళ్ళ ద్వారా తెలిసింది. సమాధి కార్యక్రమంలో ఎవరూ తెలియక ఒక చివర నిలబడితే, ఆవిడ చెల్లెలు వచ్చి ఎవరని అడిగింది. చెప్పాను.

"ఓ, టమాటా అమ్మాయివా! చచ్చిపోయే మొక్కను బతికించేవంట కదా, ఎన్నిసార్లు చెప్పిందో" అంది. టీచరు గారు నా గురించి చెప్పింది అదొక్కటే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నేరుగా ఓనరు గారి తలుపు తట్టాను. "ఆ రోజు మా గదిలో కారలేదండీ. అబద్ధం చెప్పేను."

ఆయనకు గుర్తు రావడానికి కొంత సేపు పట్టింది. "ఇప్పుడెందుకమ్మా ఆ మాట?" అన్నారు.

వినవలసిన మనిషి లేరు, ఆవిడకు నేను చెప్పకముందే తెలుసు కూడా. అయినా అది చెప్పకుండా మేడ మెట్లు ఎక్కలేకపోయాను. ఇప్పటికీ నన్నెవరైనా ఏదైనా నిజమా అని అడిగితే, నోరు తెరిచే ముందు ఆవిడ చూపు నా మీద ఉంటుంది.