చలికాలంలో క్లిఫర్డ్‌కు కావలసిన చల్లదనం

చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా సరే, నోట్లోకి ఇంకాస్త చల్లదనం కావాలనేవాడు మా ఆయన క్లిఫర్డ్. అలాంటి మనిషితో కాపురం చేశాను. ఆయన పోయాక రెండో చలికాలం ఇది. విసుగు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

కాల్డర్ లోయలో, మా ఊరి మార్కెట్‌లో మాది తువ్వాళ్ల దుకాణం. పైన టార్పాలిన్, మిగతా మూడు వైపులా గాలి. ఆయన ముందు నిలబడి అరిచేవాడు, నేను వెనక కూర్చుని మడతలు పెట్టేదాన్ని. "రండమ్మా రండి! మీకైతే మెత్తవి, అత్తగారికైతే గరుకువి!" అని ఆయన అరిస్తే బస్టాపులో వాళ్లు కూడా నవ్వేవాళ్లు. ఆ గొంతే మా వ్యాపారం. ఆయన పోవడానికి కొన్నేళ్ల ముందు ఆ అరుపు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. "మీకైతే మెత్తవి" దాకా వచ్చేవాడు. అత్తగారి దగ్గరకు వచ్చేసరికి దగ్గు. వంగి, బల్ల పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా దగ్గు.

కుర్రతనం నుంచీ పుదీనా సిగరెట్లే కాల్చాడు. మామూలు సిగరెట్టు గడ్డి తగలబెట్టినట్టు ఉంటుందనేవాడు. ప్రభుత్వం ఆ పుదీనా సిగరెట్ల అమ్మకం ఆపించేసరికి, ఏదో తన మీద పగబట్టి చేసినట్టు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ వారంలోనే డాక్టరు ఆయన ఊపిరితిత్తుల ఫొటో చూసి, "సగం పోయాయి. మిగిలిన సగం సిగరెట్టుకిస్తారో, ఊపిరికి ఉంచుకుంటారో మీరే తేల్చుకోండి" అన్నాడు. అలా డోనా దగ్గరకు వెళ్లాం. మార్కెట్ హాలు లోపల ఆమెది వేపింగ్ దుకాణం. పుదీనా చల్లదనమిచ్చే మెంథాల్ లిక్విడ్ నింపిన, పొగకు బదులు ఆవిరి పీల్చుకునే చిన్న వేప్ పెన్ను చేతికిచ్చింది. ఆయన పీల్చి, "ఇది నయం" అన్నాడు. ఆ రోజు నుంచి సిగరెట్టు ముట్టలేదు. ఎండాకాలమంతా దగ్గు తగ్గుతూ వచ్చింది. ఒకసారి అత్తగారి దాకా ఆగకుండా వెళ్లాడు కూడా.

తర్వాత చలి వచ్చింది.

"క్లిఫ్ నాయనా, ఇక ఈ చిక్కటి లిక్విడ్ వద్దు" అంది డోనా. "చలికి తేనెలాగా గట్టిపడి లోపలి దూదిలోకి దిగదు. పల్చటిది తీసుకో. మెంథాల్ కూడా తేలికది. బయటి గాలే చల్లగా ఉంటుంది, దానికి తోడు ఇది కూడానా, గొంతు పట్టేస్తుంది."

"చలికాలంలోనేగా మెంథాల్ కావలసింది!" అన్నాడు మా ఆయన. "మా అమ్మ జలుబుకి ఛాతీకి రాసేది ఎప్పుడు? ఎండాకాలంలోనా?"

"అది ఛాతీకి పూసేది నాయనా. ఇది పీల్చేది."

"పీల్చితే ఎక్కడికి పోతుందంటావు? మోకాలికా?"

డోనా నా వైపు చూసింది. నేను దుకాణం పైకప్పు వైపు చూశాను.

ఉన్నవాటిలోకెల్లా ఘాటైనది, చిక్కటిది, సీసా మీద తెల్ల ఎలుగుబంటి బొమ్మ ఉన్నది కొన్నాడు. ఆయన్ని ఒక్కణ్ణే అని ఏం లాభం? మా లోయలో అందరికీ ఇదే పిచ్చి. మంచు పడిందంటే ప్రతి జేబులో మెంథాల్ బిళ్లలు, ప్రతి ఛాతీకి ఘాటు లేపనం, ప్రతి వంటింట్లో వేణ్నీళ్ల గిన్నెలో పుదీనా పువ్వు అనే తెల్లటి మెంథాల్ పలుకులు వేసి, తల మీద తువ్వాలు కప్పుకుని ఆవిరి పట్టడం. చలికాలానికి మెంథాల్ మందు. ఎంత ఎక్కువైతే అంత మంచిది. మా ఇంట్లో తువ్వాళ్లకు కొదవ లేదు కాబట్టి ఆవిరికీ కొదవ లేదు.

జనవరిలో ఒక పొద్దున నేను టీ కలుపుతుంటే ఆయన బల్ల దగ్గర కూర్చుని, లిక్విడ్ సీసాని వేడినీళ్ల కప్పులో నిలబెట్టి, ఆవిరి పట్టుకునే పుదీనా పువ్వు డబ్బా మూత తీస్తున్నాడు.

"ఏంటది?"

"ఎలుగుబంటికి కాస్త బలం పెడుతున్నా. ఈమధ్య దీనికి చురుకు లేదు."

"చురుకు లేకేమిటి, గట్టిపడి దూదిలోకి దిగట్లేదు. డోనా చెప్పింది కదా!"

"డోనాకేం తెలుసు? ఆవిడ పుట్టకముందు నుంచీ నేను పుదీనా పీలుస్తున్నా."

చిటికెడు వేశాడు. ఇంకో చిటికెడు. సీసా ఊపి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. పలుకులన్నీ కరిగి లిక్విడ్ అద్దంలా ఉంది. "చూశావా హేజెల్?" అన్నాడు, రసాయన శాస్త్రం తానే కనిపెట్టినట్టు. దానితోనే వేప్ నింపుకున్నాడు.

మార్కెట్‌కు వెళ్లాక వేప్‌నూ సీసానూ చేతికి అందేలా బల్ల పక్కనున్న ఇనప కమ్మీ మీద పెట్టాడు. జేబులో పెట్టుకోవయ్యా అంటే వినలేదు. ఆ కమ్మీని వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం అతుక్కునే చలి. మొదటి బేరం అయ్యాక వేప్ తీసి పీల్చాడు. మొహం అదోలా పెట్టాడు. మళ్లీ పీల్చాడు. మసిగుడ్డ కాలిన వాసన నాదాకా వచ్చింది.

సీసా అందుకుని చూశాను. లోపల తెల్లని సూదులు, సన్నగా, గుత్తులు గుత్తులుగా.

"డోనా నాకు పాడైన సరుకు అంటగట్టింది" అన్నాడు.

"డోనా ఇచ్చినప్పుడు సూదులు లేవు."

"చలికి గడ్డకట్టిందేమో."

"గడ్డకట్టింది నీ పుదీనా పువ్వు, మహానుభావా! పొద్దున నువ్వు వేసిందే!"

వేప్‌ని ఊపాడు, ఊదాడు, తిట్టాడు, మళ్లీ పీల్చాడు. ఈసారి వచ్చిన దగ్గు చూసి ఒక గిరాకీ చేతిలో తువ్వాలు కింద పెట్టేసి వెళ్లిపోయింది.

మా పక్క దుకాణం నెవిల్‌ది. గుడ్లు, చీజు. పొగాకును కాగితంలో చుట్టుకుని కాలుస్తాడు. మంచివాడే, ఎవరికైనా ఏదైనా ఇస్తాడు. అదే ఆయనతో గొడవ.

"ఒకటి చుట్టనా క్లిఫ్? మీ ఆవిడ తల తిప్పినప్పుడు చెప్పు."

"నా తల ఇటే ఉంది, నెవిల్."

"అదేగా సమస్య, హేజెల్."

"వద్దులే" అన్నాడు మా ఆయన. "నీదంతా గడ్డి. పుదీనా ఉండదు."

నెవిల్ కోటు జేబులోంచి మెంథాల్ బిళ్ల తీసి చూపించాడు. "ఇది బుగ్గన పెట్టుకుని కాల్చు. అచ్చం నీ పాత సిగరెట్టే."

ఇన్ని నెలలుగా ఈ మనిషిని సిగరెట్టుకు దూరంగా ఉంచింది డాక్టరు కాదు, నేనూ కాదు. సిగరెట్టులో పుదీనా లేకపోవడం. ఆ ఒక్క అడ్డునూ ఇప్పుడు నెవిల్ జేబులోని బిళ్లతో తీసి అవతల పారేశాడు.

"క్లిఫ్, ముట్టుకోకు" అన్నాను.

"ఒక్కటేనే."

"నీ జన్మలో ఒక్కటే అన్నది ఎప్పుడైనా ఒక్కటితో ఆగిందా?"

బిళ్ల బుగ్గన పెట్టుకున్నాడు. నెవిల్ చుట్టడం మొదలుపెట్టాడు. నేను వేప్, సీసా పట్టుకుని హాల్లోకి పరిగెత్తాను. బూట్లు మంచులో జారుతుంటే నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, చలిని, ఎలుగుబంటిని, చచ్చిపోయిన మా అత్తగారిని కూడా.

డోనా సీసాని దీపం దగ్గర పట్టుకుని చూసింది. "ఏం కలిపాడు?"

"ఆవిరి పట్టుకునే పుదీనా పువ్వు."

ఆమె కళ్లు మూసుకుని ఒక నిట్టూర్పు విడిచింది. "వెచ్చగా ఉంటే కరిగే ఉంటుంది. చలికి మళ్లీ పలుకు కడుతుంది. అవన్నీ దూదిలో ఇరుక్కుంటే దూది తడవక కాలిపోతుంది..."

"నాకు చెప్పి ఏం లాభం తల్లీ? పల్చటిది ఇవ్వు. తేలికది. త్వరగా. అవతల నెవిల్ చుడుతున్నాడు."

నెవిల్ పేరు వినగానే డోనా చేతులు పరుగందుకున్నాయి. గొట్టం కడిగి, కొత్త కాయిల్, అదే దూదిని వేడిచేసే తీగ, వేసి, నింపి ఇచ్చింది. "దూది నానేదాకా ఒక్క నిమిషం ఆగాలి. లోపలి చొక్కాలో పెట్టుకుని వెళ్లు, చల్లారకూడదు."

వేప్‌ని లోపలి చొక్కాలో దోపుకుని వెనక్కి వచ్చేసరికి సిగరెట్టు మా ఆయన పెదాల మధ్య ఉంది. బుగ్గన బిళ్ల ఉబ్బుగా కనిపిస్తోంది. నెవిల్ లైటర్ నొక్కుతున్నాడు. చలికి అది కూడా అలిగింది. టిక్కు, టిక్కు, మంట లేదు. నెవిల్ దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి ఊదుతున్నాడు.

"ముందు ఇది" అన్నాను, వేప్ తీసి ఆయన చేతిలో కుక్కుతూ. "తర్వాత నీ ఇష్టం."

"ఎక్కడినుంచి తీశావు దీన్ని?" అన్నాడు నెవిల్.

"నువ్వు నోర్ముయ్."

మా ఆయన సిగరెట్టు వేళ్ల మధ్యకు మార్చుకుని, నా కోసమన్నట్టు ఒకసారి పీల్చాడు. "ఇందులో పుదీనా ఏదీ? వేణ్నీళ్లు తాగినట్టుంది."

"బయటి గాలి కూడా లోపలికి తీసుకో. చల్లదనం అదే వస్తుంది."

మళ్లీ పీల్చాడు. ఈసారి దానితోపాటు లోయలోని గాలి కూడా లోపలికి వెళ్లింది. ఆగాడు. దగ్గు వస్తుందని నేను బల్ల అంచు పట్టుకున్నాను. రాలేదు.

"కొద్దిగా ఉంది" అన్నాడు, మహా కష్టంగా.

"వెలిగింది!" అని అరిచాడు నెవిల్. అరచేతుల మధ్య చిన్న పసుపు మంట. మా ఆయన దాని వైపు చూశాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. అది నాకు అలవాటు లేని పని. ఆయన ఇంకోసారి వేప్ పీల్చి, వేళ్ల మధ్య ఉన్నదాన్ని నెవిల్‌కి ఇచ్చేశాడు.

"నువ్వే కాల్చుకో. ఎంతైనా గడ్డే."

తప్పు తనదని మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు. పైగా ఫిబ్రవరిలో, కొత్త సీసా కోసం వెళ్లినప్పుడు, డోనా బల్ల మీదకు వాలి ఆవిడకే పాఠం చెప్పాడు. "చూడమ్మాయ్, చలికాలంలో నీ గిరాకీలకి చిక్కటిది అమ్మకు. గట్టిపడుతుంది. పల్చటిది ఇవ్వు. మెంథాల్ తేలికగా ఉండాలి, ఎందుకంటే గాలే చల్లగా ఉంటుంది. సీసా లోపలి జేబులో పెట్టుకోమని చెప్పు. ఇవన్నీ నేను సొంతంగా కనిపెట్టినవి, నీకు ఊరికే చెప్తున్నా."

డోనా ఆయన భుజం మీదుగా నా వైపు చూసింది. నవ్వాలో, సీసా తీసి ఆయన నెత్తిన వేయాలో తెలియని చూపు. నాకూ ఆ నిమిషంలో ఒళ్లు మండిపోయింది. కాని ఒకటి గమనించాను. అంతసేపూ ఆయన ఎక్కడా ఆగకుండా, ఒక్కసారి కూడా దగ్గకుండా మాట్లాడాడు.