సుష్మ పంపాల్సిన ఫైలు

మా కోడలు సుష్మకు చేతులతో పాటు కాలికీ పనే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, బల్ల కింది పెడల్‌ను కుట్టుమిషన్ తొక్కినట్టు తొక్కుతుంది. తొక్కితే పరాయిదేశపు డాక్టరు గొంతు వినిపిస్తుంది, వదిలితే ఆగుతుంది. రోగి గురించి ఆయన చెప్పిందంతా తను టైపు చేసి ఆఫీసుకు పంపాలి. ఆ పెడల్ కొత్త కంప్యూటర్లలో పలకదట. మా అబ్బాయి హేమంత్ వాడిన పాత విండోస్ 7 కంప్యూటర్‌లోనే నడుస్తుంది.

హేమంత్ నార్సింగి దగ్గర బండి ప్రమాదంలో పోయాడు. ప్రొద్దుటూరు వచ్చేయమని పుట్టింటివాళ్ళు ఎంత పిలిచినా సుష్మ పుప్పాలగూడలోని ఈ ఇల్లు వదల్లేదు. పని నేర్చుకుని సంపాదించుకుంది. కానీ ఒకసారి కరెంటు పోయి, ఒకసారి నాకు జ్వరం వచ్చి ఫైళ్ళు ఆలస్యమయ్యాయి. ఇంకోసారి అలా జరిగితే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని ఆఫీసులో పైఅధికారి శ్యామ్ తేల్చి చెప్పాడు.

దసరా రోజు పొద్దున ఆ ఇంకోసారి రానే వచ్చింది. టైపింగ్ అంతా ముందురోజే అయిపోయింది, మధ్యాహ్నంలోపు పంపడమే మిగిలింది. తీరా కంప్యూటర్ వేస్తే నెట్ లేదు. సుష్మ శ్యామ్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ కార్డు పేరు దగ్గర పసుపు గుర్తు ఉందాండి?"

"ఉంది సార్. ఈ పరికరం మొదలు కావడం లేదు, కోడ్ పది అంటా ఉంది."

"అయితే డ్రైవర్ పాడయినట్టుందండి. తీసేసి మళ్ళీ వేయండి."

డ్రైవరంటే ఆ కార్డుకూ కంప్యూటర్‌కూ మాట కలిపే ప్రోగ్రామని హేమంత్ ఒకప్పుడు నాకు చెప్పాడు. సుష్మ దాన్ని తీసేసింది. తొందరలో, దాని ఫైళ్ళు కూడా చెరిపేయమనే గడిలో టిక్కు పడింది. ఇక కొత్తది నెట్ నుంచే తెచ్చుకోవాలి. నెట్ రావాలంటే అదే ఉండాలి. ఫోన్‌లోని నెట్ వాడదామని దాన్ని తగిలించి చూస్తే ఆ పాత కంప్యూటర్ గుర్తే పట్టలేదు. రోగుల విషయాలు కాబట్టి ఫైలును ఇంకో కంప్యూటర్‌లోకి తీయకూడదని ఆఫీసు నియమం.

ఎదురింటి రజిత తన ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది.

"జర పక్కకు జరుగు సుష్మా. గిట్ల గోర్లు కొరుక్కుంటే నెట్ వస్తదా?"

"టైం పోతా ఉందక్కా."

"పరేషాన్ గాకు. ఇగో, ఎక్కుతున్నది."

ఎక్కింది. పసుపు గుర్తు మాత్రం పోలేదు. మళ్ళీ కోడ్ పదే.

"ఇక ఫార్మాట్ కొట్టించడమేనండి," అన్నాడు శ్యామ్, మళ్ళీ ఫోన్ చేస్తే.

ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచేయడం. సుష్మ మౌస్ వదిలేసింది. "ఫైలే పోతే నేనేం పంపాల సార్?"

"పన్నెండు వరకు చూస్తానండి. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

ఫోన్ పెట్టేశాడు. మా ఆయన పుల్లయ్య అప్పటిదాకా గుమ్మం పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయిన మనిషి.

"అమ్మా సుష్మా, నిన్న నీ పనయినాక దాన్ని నేను ఇప్పినా."

"దేన్ని మామా?"

"కంప్యూటర్‌ను. ఆయుధ పూజ కదమ్మా. డిపోలో ప్రతి సామానూ ఊడదీసి, తుడిచి, బొట్టుపెట్టి బిగిస్తా ఉంటిమి. ఇప్పుడు నాకు పూజ చేసేదానికి ఏముంది? వాడిది ఇదొకటే ఉండె. లోపల పచ్చ రేకొకటి తీసి, గంధం పెట్టి, ఖాళీగా ఉన్న సందులో పెట్టినా."

"అయ్యో అంకుల్, కార్డుకు గూడ బొట్టు పెట్టిన్రా!" రజిత నవ్వబోయి, సుష్మ మొహం చూసి ఊరుకుంది.

సుష్మ కరెంటు తీసి, డబ్బా పక్క రేకు ఊడదీసింది. కార్డు వంకరగా కూర్చుని ఉంది. బయటికి లాగితే, సందులో దిగే బంగారు రంగు పళ్ళ మీద గంధం ఎండి అట్టకట్టింది. రజిత పరుగున వెళ్ళి వాళ్ళ పాప పెన్సిల్ రబ్బరు తెచ్చింది. సుష్మ రుద్దుతూనే అడిగింది.

"మొదట యాడ ఉండె మామా?"

"పై సందులో."

"మీరే బిగించండి. ఆ పని మీ చేతికి అలవాటే."

ఆయన కార్డు టక్కుమని కూర్చునే దాకా నొక్కి, మర బిగించారు. కంప్యూటర్ వేశారు. పసుపు గుర్తు లేదు. నెట్ వచ్చింది. ఫైలు కదలడం మొదలైంది. ఆకుపచ్చ గీత సగం దాకా పోయి ఆగింది. మళ్ళీ కదిలి చివరికంటా పోయింది.

ఫోన్ మోగింది. "వచ్చిందండి. ఇంకో రెండు ఫైళ్ళు పెడుతున్నాను, సాయంత్రానికి కావాలి."

"పెట్టండి సార్," అంది సుష్మ. పండగని అనలేదు.

మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయారు. సుష్మ ఆయన ముందు వంగింది.

"మామా, వచ్చే పూజకు బయట బొట్టు పెట్టండి చాలు. లోపలికి పోవద్దు."

ఆయన తలూపారు గానీ లేవలేదు. తనే చెయ్యిచ్చి లేపింది.