అగ్గిపెట్టె మీద పుట్టువెంట్రుకలు

సెల్వలక్ష్మి అంత చదువుకున్న కోడలు కోవిల్‌పట్టిలో ఆ వీధిలో ఇంకొకరు లేరు. అంత భయపడే తల్లి ఆ ఊళ్లోనే లేదు. కెమిస్ట్రీలో బి.ఎస్సీ. పగలంతా అగ్గిపెట్టెల యూనిట్‌లో పుల్లల తలకు అద్దే మందు పాళ్లు చూసేది. ఏది దేంతో కలిస్తే భగ్గుమంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. సాయంత్రం ఇంటికొచ్చి కొడుకు తాగే నీళ్లు కాచి, చల్లార్చి, అనుమానం తీరక మళ్లీ కాచేది. సూక్ష్మజీవులు ఎలా చస్తాయో పుస్తకంలో చదివింది కాబట్టి కాచేది. ఆ తర్వాత వాడి కాలికి నల్లతాడు కట్టేది. నల్లతాడు గురించి ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా కట్టేది.

కొడుకు పేరు కుళందైసామి. అది తాత పేరు. పెళ్లయిన చాలా ఏళ్లకు, తొంభై ఆరులో పుట్టాడు. వాడు కడుపులో ఉండగానే అత్త మాయక్కాళ్ మొక్కేసింది: బిడ్డ చల్లగా బయటపడితే పుట్టువెంట్రుకలు ఉప్పుతురై పాలం కొసన తీయిస్తానని.

పాలం అంటే సముద్రంలోకి పొడుచుకెళ్లిన పాత రేవు వంతెన. ఈ వంశం వాళ్ల తాతలు విరుదునగర్ మిరపకాయల బస్తాలను బండ్ల మీద ఉప్పుతురైకి తోలి, ఆ వంతెన మీదుగా మోసి పడవలకెక్కించేవాళ్లు. వాళ్లలో ఒకాయన బస్తాతో సహా నీళ్లలో పడి, ఆ బస్తానే కరుచుకుని తేలి బతికాడట. అప్పటినుంచి ఆ వంశంలో ఏ బిడ్డకైనా మొదటి గుండు ఆ వంతెన చివరే, మేనమామ ఒడిలోనే. వెంట్రుకలు సముద్రంలో పడాలి. ఎండు మిరపకాయలు తేలక మునుగుతాయా, ఇందులో మహిమేముంది అని సెల్వలక్ష్మి మనసులో అనుకుంది. పైకి మాత్రం అనలేదు, కడుపుతో ఉంది కదా.

చిక్కేమిటంటే, తొంభై రెండు గాలివానకు వంతెన నడుము విరిగింది. మొండి స్తంభాలు మాత్రం నీళ్లలో నిలబడి ఉన్నాయి.

"విరిగిన పాలానికి మొక్కినావా అత్తా?"

"నాకేం తెల్సు. సముద్రం మొగం చూసి ఎన్నేండ్లాయెనో. రాయి గదా, యాడికి పోతాదిలే అనుకొంటి."

"మొక్కు మార్చుకోలేమా?"

"చీర మార్చినట్లా? బలే కోడలివే."

ఆ వీధి నిండా ఆ వంశం వాళ్లే, తొంభై రెండు తర్వాత పుట్టిన పిల్లలందరిదీ ఇదే కథ. కొందరు తల్లులు సాత్తూరు సంతకని చెప్పి వెళ్లి, గుండుతో తిరిగొచ్చి, పేలు పడ్డాయని బుకాయించారు. సెల్వలక్ష్మికి అంత ధైర్యం లేకపోయింది. కుళందైసామికి జడ వేయాల్సి వచ్చింది. జడతో పాటు పేలూ వచ్చాయి, మెడ మీద చెమటకాయలూ వచ్చాయి. బడిలో వేసే వయసు వచ్చేసరికి, జుట్టు తీస్తేనే చేర్చుకుంటామని నర్సరీ బడి టీచరమ్మ తేల్చేసింది.

మొగుడు పాండియరాజన్ ఆమె పనిచేసే యూనిట్‌లోనే మేస్త్రీ. నెమ్మదస్తుడు. "మంగలిని ఇంటికే పిలిచి తీసేస్తాం. సముద్రం వచ్చి అడగతాదా?" అన్నాడు.

"తీసిన నెలలోనే వీడికి జరం వచ్చిందనుకో మావా. గుండు వల్ల రాలేదని ఎట్లా నిరూపిస్తావు?"

పాండియరాజన్ చాలాసేపు ఆలోచించాడు. నిరూపించడం తన వల్ల కాదని ఒప్పుకున్నాడు.

అలా వంతెన సంఘం పుట్టింది. సముద్రానికి అరవై కిలోమీటర్ల దూరాన, అగ్గిపుల్లల మధ్య, ఈత రాని వాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం అది. చందా పుస్తకాలతో తిరిగితే ఎవరూ గుమ్మం దిగరని అందరికీ తెలుసు. కోవిల్‌పట్టి వాళ్లకు తెలిసిన దారి ఒకటే: కొత్త లేబుల్ వేయడం. యూనిట్ నడిపే ముదలాళిని బతిమాలి, 'పాలం' మార్కు అగ్గిపెట్టె తీయించారు. మిగిలే లాభం వంతెనకు. లేబుల్ మీద నీలం సముద్రం, ఎర్ర సూర్యుడు, మధ్యలో నిటారుగా వంతెన. ప్రెస్సు ఆర్టిస్టు మనసుపెట్టి వేశాడు.

సెల్వలక్ష్మి అన్న మారిసామిది విరుదునగర్‌లో మిరపకాయల గోడౌన్‌లో కాటా దగ్గర పని. పిల్లవాడికి వరసైన మేనమామ. చెల్లెల్ని, ఆ పెట్టెల్ని వెంటేసుకుని, కొంటే లాభం వంతెన బాగుకేనని చెబుతూ బజారులో వ్యాపారుల గద్దెల చుట్టూ తిరిగాడు. ఒక పప్పుల షావుకారు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాలం బ్రమ్మాండంగా ఉండాది గదమ్మా. దీనికేం రోగం?"

"విరిగిపోయిందయ్యా, ఇది బొమ్మ."

"బొమ్మలో ఇంత గట్టిగా ఉంటే నేనేమిటికి దుడ్డు ఇచ్చేది?"

ఆ రోజంతా ఎక్కడికెళ్లినా అదే మాట. బయటికొచ్చాక మారిసామి నుదురు కొట్టుకున్నాడు. "నీకు బి.ఎస్సీ. ఇచ్చినోన్ని చూడాల. విరిగినట్లు గీయమని ఆ ఆర్టిస్టుకు చెప్పేకి నోరు రాలేదా?"

రెండో లేబుల్ విరిగిన వంతెనతో వచ్చింది. దాన్ని కొట్ల వాళ్లు కట్టలు కట్టి వెనక్కి పంపారు. పొద్దున్నే బోణీ బేరానికి విరిగిన వస్తువును చేతిలో పెడితే ఆ రోజుకు వ్యాపారం ఉంటుందా? పాండియరాజన్ మిగిలిన సరుకంతా సంఘం సభ్యులకు పంచేశాడు. నెలల తరబడి ఆ వీధిలో పొయ్యిలన్నీ విరిగిన వంతెనతోనే వెలిగాయి.

మూడో ఉపాయం మాయక్కాళ్‌ది. "పాలం ఎవురికి కావాల? బిడ్డ మొగం వెయ్యండి. ఈ జడ చూసి రాయి కూడా కరుగుతాది."

సెల్వలక్ష్మి ఒప్పుకోలేదు. తర్వాత బడి టీచరమ్మ గుర్తొచ్చి ఒప్పుకుంది. ఆర్టిస్టు కుళందైసామికి జడ, బుగ్గన చుక్క, అడక్కుండానే చెవులకు జుమికీలు వేశాడు. పెట్టెలు వరదలా అమ్ముడుపోయాయి. వత్రాప్‌లో మామిడితోపుల కాపలావాళ్ల నుంచి విరుదునగర్ నూనె మిల్లుల దాకా అందరి జేబుల్లోనూ సెల్వలక్ష్మి కొడుకే.

అప్పుడు మొదలైంది ఆమెకు అసలు జబ్బు. ఎవరు పుల్ల గీసినా తన బిడ్డ చెంప పక్కనే గీస్తున్నట్టు అనిపించేది. బస్టాండులో ఒకడు బీడీ ముట్టించుకుని ఖాళీ పెట్టెను మురిక్కాలవలోకి విసిరాడు. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వంగి దాన్ని తీసింది. మర్నాడు ఇంకొకటి. యూనిట్‌కు పోయే దారిలో, టీ కొట్టు దగ్గర, రైల్వే గేటు పట్టాల పక్కన. దిష్టి అనేదానికి ఆధారం లేదని ఆమెకు తెలుసు. లేదని తెలుసుకుంటూనే ఏరేది. ఇంట్లో సంచి నిండింది.

"అమ్మాయీ, ఊరంతా నువ్వే ఊడ్చేస్తే మున్సిపాలిటీ వాళ్లు యాడికి పోవాల?" అంది మాయక్కాళ్.

"ఉపాయం చెప్పింది నువ్వు కదత్తా."

"ఆమా, చెప్తిని. ఎవురు వింటారని చెప్తి."

మొగుడు నవ్వలేదు. ఆమెతో పాటు అవతలి పక్క కాలవ చూసుకుంటూ నడిచాడు.

లాభం పోగైంది. విరుదునగర్‌లో పాత నూనె మిల్లు కూలుస్తుంటే, జడబాబు అగ్గిపెట్టెకు మనసు కరిగిన ముదలాళి ఒకాయన టేకు దూలాలు ఊరికే ఇచ్చాడు. ఉప్పుతురై జాలర్లు పనిలోకి దిగారు. వాళ్లకు గుండుతో పనిలేదు, చేపలు ఎండబెట్టుకోవడానికి చోటు కావాలి. సంఘం వాళ్లు ఒడ్డున గొడుగులు వేసుకుని సలహాలు చెప్పారు. ఇనుప మేకులు ఉప్పు గాలికి తుప్పు పడతాయని సెల్వలక్ష్మి సూత్రంతో సహా వివరించింది. జాలర్లు మర్యాదగా విన్నారు, వాళ్లు తెచ్చుకున్నది రాగి మేకులే.

రెండు వేల సంవత్సరంలో, ఎండాకాలం మొదట్లో వంతెన సిద్ధమైంది. పూర్తిగా కాదు. దూలాలు అయిపోయాయి. కొసన రెండు స్తంభాలు విడిగా, పైన పలక లేకుండా సముద్రంలో మిగిలిపోయాయి.

అందరూ కొత్త చెక్కల మీద నడిచి అక్కడ ఆగారు. మారిసామి పంచె బిగించి కూర్చుని మేనల్లుణ్ని ఒడిలో పెట్టుకున్నాడు. సెల్వలక్ష్మి వాణ్ని, అన్నను కలిపి పైపంచెతో రెండు చుట్లు కట్టేసింది. మంగలి కత్తిని కాచిన నీళ్లలో ముంచి తీసింది. ఆ తర్వాత లేచి, ఆ రెండు స్తంభాల వైపు చెయ్యి చాపింది.

"కొస ఇది కాదు కదత్తా. కొస అది."

"ఆమా."

"జాలర్లు పడవలో ఆ స్తంభం దాకా తీసుకుపోతామంటున్నారు."

"ఈ అలల్లోనా? బిడ్డను పెట్టుకొనా? నీకు మతి ఉండాదా?"

"మొక్కింది కొసనని. నాలుగేండ్లు ఆపుకొని ఇప్పుడు కొంచెంలో పోగొడితే..." ఆమె వంగి పైపంచె ముడి మళ్లీ బిగించింది. "రేపు వాడికి ఏమన్నా అయితే?"

మాయక్కాళ్ ఆ మొండి స్తంభాల వైపు కాసేపు చూసింది. మనవడి వైపు చూసింది. చెంగు నడుముకు దోపి, చెక్కల అంచున కూర్చుండి, కాళ్లు సముద్రం మీదికి వేలాడేసింది.

"మొక్కింది నేను. నోరు నాది. ఈడనే కొస. ఏమన్నా అయితే నాకు అవనీ, మీ ఎవురికీ కాదు. ఏమయ్యా మంగలీ, నీళ్లు జల్లు."

సెల్వలక్ష్మి అత్త పక్కన కూలబడింది. మంగలి నీళ్లు చల్లాడు. నాలుగేళ్ల జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. మాయక్కాళ్ దోసిట్లోకి తీసుకుని సముద్రం మీదికి విసిరింది. ఎదురుగాలి ఆ జుట్టంతా తిప్పి తెచ్చి వంశం మొత్తం మొహాన కొట్టింది. మారిసామి తుమ్మాడు. పాండియరాజన్ కళ్లు నులుముకున్నాడు. మాయక్కాళ్ నోట్లోంచి ఒక్కో వెంట్రుకా లాగుతూ, "పడితే పడె, పోతే పోయె, సగం నీళ్లలోనే పడింటాది" అంది.

కుళందైసామి బోడి తల తడుముకున్నాడు. వాడికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, నా జుట్టు మళ్లీ అతికించండి అని సముద్రం అదిరేలా ఏడుపు లంకించుకున్నాడు. సెల్వలక్ష్మి పైపంచె ముడి విప్పి వాణ్ని ఎత్తుకుంది. తల ఎంత చిన్నగా ఉంది, ఎంత వేడిగా ఉంది. అరచెయ్యి దాని మీద బోర్లించి, ఎండ తగలకుండా పట్టుకుని, ఒడ్డు వైపు నడిచింది. చెక్కల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తున్నాయి. వాడి ఏడుపుకు సమాధానం చెబుతూ నడిచింది కాబట్టి, కిందికి చూడటం మరిచిపోయింది.