రెండు ముప్పావు గంటల ఢిల్లీ

మా ముత్తాత పెనుకొండలో మునసబు. తాతకు ధర్మవరంలో నలభై మగ్గాలు ఉండేవి. హిందూపురం మండీలో ఆయన వచ్చి కూర్చునేదాకా బెల్లం వేలం మొదలయ్యేది కాదు. నా కాలానికి మగ్గం ఒక్కటీ మిగల్లేదు. హిందూపురంలో అద్దె ఇంట్లో ఉంటూ, ధర్మవరం నేతగాళ్లను బతిమాలి పన్నెండు పట్టుచీరలు నేయించాను. బతిమాలడం మా ఇంట్లో నాతోనే మొదలు.

ఢిల్లీలో చేనేత ప్రదర్శన. మొదటిరోజు మధ్యాహ్నం ఒంటిగంటలోగా చీరలతో రాకపోతే నా స్టాలు ఇంకొకరికి ఇస్తామన్నారు.

“ఢిల్లీ యాడుండాది నాయనా?” అని అడిగింది అవ్వ.

“బెంగళూరు నుంచి పదిహేడు వందల కిలోమీటర్లు. విమానంలో రెండు ముప్పావు గంటలు.”

“అంతేనా? పెనుకొండ నుంచి ధర్మవరానికి మీ తాత బండి కట్టుకుని పొద్దంతా పోతాండె.”

బయలుదేరే రోజు మంచిది కాదని, ముందురోజే ప్రస్థానం పెట్టమంది అవ్వ. అంటే మంచి గడియలో ప్రయాణపు మూటను ఇంకొకరి దగ్గర ఉంచాలి. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. గడప దాటిన మూట మళ్లీ ఇంట్లోకి రాకూడదు. అందరూ ఒక పంచె పెడతారు. నేను గొప్పకు పోయి చీరల పెట్టెనే తీసుకెళ్లి, మాకు తెలిసిన దర్జీ భాయ్ అంగడిలో పెట్టాను.

విమానం తొమ్మిదికి. ఐదున్నరకు కారులో వెళితే అంగడికి తాళం. ఫోన్ చేస్తే భాయ్ యాభై కిలోమీటర్ల అవతల రొళ్లలో, బంధువుల పెళ్లిలో ఉన్నాడు.

“నువ్వు మద్యాన్నం వస్తావనుకుంటినప్పా. నేను ఆడికి వచ్చేసరికి నీ ఇమానం ఎగిరిపోతాది. తాళం పగలగొట్టేయి.”

“మా వంశంలో ఇంకొకరి తాళం మీద చెయ్యి వేసినవాళ్లు లేరు భాయ్.”

“ఇమానం ఎక్కినోళ్లూ లేరు కదప్పా మీ వంశంలో.”

రాయి తీసుకున్నాను. నాలుగో దెబ్బకు తాళం ఊడింది. ఎదురుగా టీ అంగడివాడు గ్లాసులు కడగడం ఆపి చూస్తున్నాడు.

“ఏమప్పా, పెద్దింటోళ్లు తెల్లారే ఈ పని పెట్టుకున్నారే?”

“భాయ్ వచ్చేదాకా అంగడి చూస్తుండు” అన్నాను, నడుము నిటారుగానే ఉంచి.

“సరే పో. నేనుండా కదా.”

బెంగళూరు విమానాశ్రయంలో పెట్టె అప్పగించేచోట నేనే చివరివాణ్ణి. పైకెగిరాక కిటికీలోంచి చూస్తే ఎర్రనేల, చిన్నచిన్న చెరువులు కనిపించాయి. వాటి మధ్య మా పెనుకొండ ఎక్కడుందో తెలియలేదు. అయినా మనసు తేలికగా ఉంది. పన్నెండుకు పావుగంట ముందే దిగాను. ఒంటిగంటకు ఐదు నిమిషాలుందనగా స్టాలులో మొదటి చీర మడత విప్పాను.

సాయంత్రం ఒక అంగడి యజమానురాలు ఆ చీర అంచును చాలాసేపు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. నెలనెలా పంపగలరా అని అడిగింది. పంపగలనన్నాను. అందుకు సొంత మగ్గాలు కావాలి. ఊరికి వచ్చిన వారంలోనే, పెనుకొండ దగ్గర తాతల ఆస్తిలో మిగిలిన రెండెకరాల చింతతోపు అమ్మేశాను.