మూడో ముంత మీది చీటీ

మా అత్తగారికి ముడి వేయడం వచ్చు, నాకు రాయడం వచ్చు. రెండింటిలో ఏది గొప్పదో తేల్చాలని నేను పంతానికి పోకపోతే ఆ ఏడు మా ఇంట్లో జరిగింది జరిగేది కాదు. ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ధైర్యం లేక చెప్పలేదు, అంతే.

అరవైల చివర్లో పెళ్లయి, రామతీర్థం కొండ కనిపించే ఒక ఊరికి కాపురానికి వచ్చాను. మా నాన్న గోదావరి పక్క బడిపంతులు. ఒక్క అక్షరం పలుకు తప్పినా పది సార్లు అనిపించేవాడు. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు, మా అత్తగారు చెప్పుని సెప్పు, చూడుని సూడు అంటుంటే నవ్వాగేది కాదు. ఎదురుగానే నవ్వేదాన్ని. ఆవిడ కోపం తెచ్చుకునేది కాదు. "నవ్వు పిల్లా, నవ్వితే నాకేటి పోతాది" అనేది.

ఆ ఇంటి గుమ్మడికాయకి చుట్టుపక్కల ఊళ్లలో పేరు. కాయని గోనెసంచిలో వేసి ఇద్దరు మగవాళ్లు చెరో కొస పట్టి మోసేవారు. అంత కాయ ఒక్క ఇంట్లో తినకూడదట. మొదటి కత్తి మగవాడు వెయ్యాలి, ముక్కలు వీధిలో ఇంటింటికీ పంపాలి. ఇంకొక కట్టడి ఉంది. పాదు మీద పిందెని వేలు పెట్టి చూపకూడదు. చూపితే ఆ పిందె కుళ్లి రాలిపోతుందట. చూపక తప్పకపోతే వేలు మడిచి కణుపుతో చూపాలి. నేను తెలియక ఒకసారి వేలు చూపితే అత్తగారు నా చెయ్యి పట్టుకుని, ఆ వేలు నా నోట్లోనే పెట్టించి "కొరుక్కో" అంది. కొరుక్కున్నాను. అలా చేస్తే దోషం పోతుందట.

గింజలు మూడు మట్టి ముంతల్లో బూడిద కలిపి వంటింటి అటక మీద ఉండేవి. మెడకి పాత చీర పేలికలు, పేలికలకి ముడులు. మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు. మూడోదానికి ముడి వెనక్కి తిప్పి, కొసలు లోపలికి దోపి ఉండేది. ఏ గింజ ఏ పాదుదో ఆవిడకి చీకట్లో తడిమినా తెలిసేది. నాకు ఆ మాసిన పేలికలు చూస్తే ఒళ్లు మండేది. ఒక వేసవి మధ్యాహ్నం ముంతలన్నీ దింపి, పేలికలు కోసి పొయ్యిలో పడేసి, కాగితం ముక్కలూ సిరాబుడ్డీ పెట్టుకుని కూర్చున్నాను. అత్తగారు చింతపండు పిక్కలు తీస్తూ నన్ను చూసి నవ్వింది.

"నువ్వు రాసినా నాకు సదవడం రాదు గదే."

"నేను చదువుతాను కదా అత్తయ్యా. మీరు చెప్పండి చాలు."

మొదటి ముంత చూపించాను. "పెంటపోగు కాడ పాదుది. కాయ పెద్దది." రాశాను. రెండోది చూపించాను. "గడ్డివాము మీద పాకింది. రుసి మంచిది." రాశాను. మూడోది చూపించాను.

"అది సేదిత్తనం. ఏరేగా ఎట్టు. ఎవులికీ ఇయ్యకు."

ఆవిడ చెప్పింది చేదు విత్తనం అని. నేను బడిపంతులి కూతుర్ని కదా, సంధి విడదీశాను. ఇత్తనం అంటే విత్తనం, బాగానే ఉంది. ముందున్నది సేద్యం అనుకున్నాను. సేద్యానికి ఉంచిన గింజ కాబట్టే వేరుగా పెట్టమంటోంది, ఎవరికీ ఇవ్వవద్దంటోంది అనుకున్నాను. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో "సేద్యపు విత్తనం" అని రాసి అన్నం మెతుకులతో అంటించాను. ఆవిడ ఆ చీటీని మెచ్చుకోలుగా చూసింది. తన మాటే అక్కడ ఉందనుకుంది పాపం.

నెల తిరక్కుండా ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పోయింది, మూతి వంకర తిరిగింది, మాట పడిపోయింది. పెరటి వసారాలో మంచం వేశాం. మా ఆయన గరివిడి ఫ్యాక్టరీలో పనికి పోయేవాడు, గింజల సంగతి ఏనాడూ పట్టించుకున్నవాడు కాదు. తొలకరి పడగానే నేనే మూడో ముంత దింపి, అత్తగారికి చూపించి మరీ పాదు పెట్టాను. ఆవిడ ముంతని చూసి, ఎడమ చేత్తో మంచం పట్టె కొడుతూ "ఏదు, ఏదు" అంది.

"ఏది అత్తయ్యా? ఏది కావాలి?"

"ఏదు."

మంచినీళ్లు తెచ్చాను. తల తిప్పేసింది. విసనకర్ర తెచ్చాను, దుప్పటి తెచ్చాను. ఆ పూటంతా ఏది ఏది అని అడుగుతూనే ఉన్నాను. ఆ నోట్లో స పలకదని నాకు తోచలేదు.

పాదు ఎంత బలంగా వచ్చిందంటే, నాకే ఎందుకో నచ్చలేదు. ఆకులు చేటలంత వెడల్పు. పెరడంతా పాకి వసారా స్తంభాన్ని చుట్టుకుంది. మూడు పిందెలు దిగాయి. అవి కనిపించిన రోజే అత్తగారు ఎడమ చెయ్యి ఎత్తి, చూపుడు వేలు చాచి, తిన్నగా వాటిని చూపించింది. అందరికీ వేలు మడవమని నేర్పిన మనిషి. నేను గబగబా వెళ్లి ఆ వేలు ఆవిడ పళ్ల దగ్గర పెట్టి "కొరుక్కోండి అత్తయ్యా" అన్నాను. చెయ్యి లాగేసుకుని మళ్లీ చూపించింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పొద్దున్న కళ్లు తెరిచింది మొదలు ఆ వేలు పాదు మీదే. వారం తిరిగేసరికి ఒక పిందె పసుపు తిరిగి రాలింది. తరవాత రెండోది. మా ఆయనతో చెప్తే "మాయమ్మకి మతి సలించింది, ఒగ్గీ" అని కొట్టిపారేశాడు. నాకు మాత్రం ఆవిడంటే భయం పట్టుకుంది, భయంతో పాటు కోపం. కోడలి చేతి మీద కాయ కాస్తే ఓర్వలేకపోతోంది అనుకున్నాను. మిగిలిన ఒక్క పిందెనీ గడ్డి కప్పి దాచాను. ఆవిడ గడ్డిని చూపించింది. అప్పుడు మంచాన్నే గోడ వైపు తిప్పించాను. రెండు నెలలు ఆవిడ గోడ చూస్తూ పడుకుంది. ఆ పని నేనే చేశాను.

కార్తీకంలో కాయ కోశాం. పొద్దున్నే మా ఆయన మొదటి కత్తి వేసి, షిఫ్టుకి వెళ్లిపోయాడు. నేను ముక్కలు కోసి ఎదురింటికి పంపి, మిగతా ఇళ్లకి సర్ది ఉంచి, బెల్లం వేసి పులుసు పెట్టాను. వండుతూ రుచి చూడడం మా నాన్న ఇంట్లో ఎంగిలి. ముందు పెద్దావిడకి పెట్టాలని అన్నంలో మెత్తగా కలిపి తీసుకెళ్లాను. మంచం మళ్లీ పెరటి వైపు తిప్పాను కూడా, ఇక కాయ లేదు కదా అని. ఆవిడ పెదాలు బిగించింది. పసిపిల్లకి పెట్టినట్టు బుజ్జగించి బుగ్గ నొక్కి నాలుగు ముద్దలు పెట్టాను. ఉమ్మే శక్తి ఆ నోటికి లేదు. కళ్లమ్మట నీళ్లు కారాయి. ఎన్నాళ్లకో ఇంటి గుమ్మడి తిన్నందుకు సంతోషం అనుకున్నాను.

గిన్నెలో మిగిలింది నేను నోట్లో పెట్టుకున్నాను. ముందు బెల్లం తగిలింది. వెనకే గొంతు దాకా చేదు.

ఎదురింటికి పరుగెత్తాను. ఆ ఇంటావిడ అప్పుడే ముక్క నాలిక మీద పెట్టి ఉమ్ముతోంది. "సేదు పాదు ఇత్తనం ఎట్టీసినావేటమ్మా? దూడల కడుపులో పురుగు పోడానికి దాసింది గదా మీ అత్త. ముసిల్దానికి పెట్టలేదు గదా?"

"లేదు" అన్నాను.

సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. విజయనగరం నుంచి డాక్టరు వచ్చి, పక్షవాతం రెండోసారి కమ్ముకొస్తోందన్నాడు. నాలుగో రోజున పోయింది. కాయ చేదెక్కిందని వీధి వీధంతా చెప్పుకున్నారు. ఆవిడ తిన్నదని మాత్రం ఎవరికీ తెలియదు. మా ఆయనకి కూడా తెలియదు, ఆయన పోయేదాకా తెలియలేదు. పన్నెండో రోజు భోజనాల్లో ఎవరో "ఈయేడు ఎవసాయం ఎలగుంది" అని అడుగుతుంటే విని, వడ్డిస్తున్నదాన్ని ఆగిపోయాను. అత్తగారు కూడా ఎవసాయం అనే అనేది. సేద్యం అన్న మాట ఆవిడ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు.

కాయని కుళ్లబెట్టాలని చూసింది. మాట లేని మనిషికి మిగిలిన దారి అదొక్కటే. రెండు పిందెల్ని రాల్చింది కూడా, మూడోదాన్ని నేను దాచేశాను. ఇవి పిచ్చి నమ్మకాలని మా నాన్న ఉంటే అనేవాడు. నేను అనలేను.

మర్నాడు అటకెక్కి మూడో ముంత దింపాను. చీటీ గీకేసి ఇంకొకటి రాశాను. చేదు అని రాయబోయి ఆగాను. సేదు అని రాశాను. ముంత మెడకి నా పాత చీర అంచు చింపి కట్టి, ముడి వెనక్కి తిప్పి, కొసలు లోపలికి దోపాను.